పాత కిటికీలు, జంట అద్దములు



పాతయిండ్ల కిటికీలను ఊడదీసి, వాని స్థానమున జంట అద్దముల కిటికీలను పెట్టించుట మంచిదా కాదా యను విషయమును గూర్చి నేడు ప్రసంగించెదను. మా బంగారుపాళ్యము చిత్తూరునకును పలమనేరునకును నడుమ, బెంగుళూరు చెన్నపట్టణముల బాటపై నున్న యూరు. పట్టణములలోను, దేశాంతరములలోను ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, "నాయనా, ఈ పాత కిటికీలు తీసేద్దాం. రెండద్దాలవి పెట్టిద్దాం. ఎండ రాదు, దుమ్ము రాదు, లారీల మోత వినపడదు" అనుచున్నారు. ఆ మాటలో ప్రేమ యున్నది. కావలసిన డబ్బు పంపుదుమనియు వారే చెప్పుచున్నారు. అయినను పెద్దలకు సంశయము తీరుట లేదు. తాతగారు పెట్టించిన టేకు కిటికీని ఒకమాఱు గోడనుండి పెకలించినచో అది మరల రాదు. కావున పెకలించుటకు ముందే విచారింపవలసిన విషయమిది.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. సంస్కృతమున కిటికీని వాతాయనమందురు. గాలి వచ్చు త్రోవ యని దాని యర్థము. గవాక్షమనియు నందురు. గోవు కన్నువంటిదని భావము. ఇంగ్లీషువారి 'విండో' అను పదము కూడ ఉత్తరదేశపు ప్రాచీనభాష నుండి వచ్చినదే. అచ్చట దాని యర్థము 'గాలికన్ను'. మన కిటికీ హిందుస్తానీ నుండి వచ్చినది. మన పొరుగువారగు తమిళుల 'జన్నల్' పోర్చుగీసువారి భాషనుండి వచ్చినది. ఈ పేళ్ళు పెట్టిన కాలమున వాతాయనమునకు గాని, గాలికన్నుకు గాని అద్దము లేదు. గాలి కొఱకే కిటికీ పుట్టినది. అద్దము తరువాత వచ్చి చేరినది. ఈ మాటను గుఱుతుంచుకొన్నచో తక్కిన విచారణ సులభమగును.

ఇక జంట అద్దమన నేమి? రెండు అద్దపు పలకలను ఒకదాని కొకటి ఎదురుగా నిలిపి, నడుమ సుమారు 12 మిల్లీమీటర్లు, అనగా అరయంగుళపు సందు విడిచి, చుట్టును గాలి చొరకుండ మూసివేయుదురు. అంచున నుండు సన్నని లోహపు గొట్టములో తేమను పీల్చు గుళికలు పోయుదురు. నడుమనున్న సందులో పొడిగాలి గాని, ఆర్గానను వాయువు గాని యుండును. వేడిని అడ్డగించునది ముఖ్యముగా నడుమ కదలక నిలిచియున్న గాలియే. అద్దము వేడిని గాలికంటె సుమారు నలువది రెట్లు సులభముగా దాటనిచ్చును. గొంగడి కప్పుకొన్నవానికి ఉన్నిపోగుల నడుమ చిక్కిన గాలి వెచ్చదన మెట్లు నిలుపునో, ఇదియు నట్లే. సందు మిక్కిలి వెడల్పయినచో లోపలిగాలి తిరుగుట మొదలిడి వేడిని మోసికొని పోవును. అందుచేతనే 12 మొదలు 16 మిల్లీమీటర్ల వఱకే ఉంచుదురు.

ఈ యుపాయమునకు అమెరికాలో థామస్ స్టెట్సన్ అను నతడు 1865లోనే పేటెంటు పొందెను. కాని చదునైన మంచి అద్దము చౌకగా దొరకనంతవఱకు అది విరివిగా వ్యాపింపలేదు. ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్టన్ అను నాతడు కరిగిన తగరముపై కరిగిన అద్దమును తేలించి పలకలు తీయు విధానమును 1950 తరువాత రూపొందించగా, అతని సంస్థ దానిని 1959లో లోకమునకు ప్రకటించెను. నేడు మనకు దొరకు కిటికీ అద్దమంతయు దాదాపుగా ఆ విధముగా చేసినదే. 1973లో చమురు వెలలు పెరిగిన పిదప, చలిదేశములలో ఇంటిని వెచ్చజేయు ఖర్చు తాళలేక జనులు జంట అద్దములను ఇంటింట పెట్టించుకొనిరి.

మన బిడ్డలు న్యూజెర్సీలోను, షికాగోలోను చూచుచున్నది ఈ యేర్పాటునే. అచ్చట శీతకాలమున వెలుపల నీరు గడ్డకట్టు చలికంటె పది డిగ్రీలు తక్కువయుండగా, ఇంటిలోపల ఇరువది డిగ్రీల వెచ్చదనము కావలయును. లోపలికిని వెలుపలికిని ముప్పది డిగ్రీల భేదము. అది రేయుంబవళ్ళు, నెలల తరబడి యుండును. అట్టిచోట జంట అద్దము లేని యిల్లు, అడుగున చిల్లియున్న కుండ వంటిది. అచ్చటివారు దానిని అవసరముగా భావించుట న్యాయమే.

మన సంగతి యేమి? మా బంగారుపాళ్యములో మేనెల మధ్యాహ్నము వెలుపల 40 డిగ్రీలున్నదనుకొందము. మందపు గోడల పాతయింటిలో లోపల 34, 35 డిగ్రీలుండవచ్చును. భేదము ఐదారు డిగ్రీలు. సాయంకాలమైన పిదప కిటికీలను తెఱచియుంచెదము. తెఱచిన కిటికీకి ఒక అద్దమున్ననేమి, రెండున్ననేమి? శీతలయంత్రము, అనగా ఏసీ, పెట్టిన గదిలో సంగతి వేఱు. అచ్చట లోపల 26 డిగ్రీలు, వెలుపల 40. భేదము 14. దానిని లెక్కవేసి చూతము. బడిపంతులకు లెక్కలేనిదే నిద్రపట్టదు గదా.

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల కిటికీ వైశాల్యము సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. ఒంటి అద్దము గుండ, చదరపు మీటరునకు ఒక్కొక్క డిగ్రీ భేదమునకు, 5.7 వాట్ల వేడి దాటును. సాధారణమగు జంట అద్దము గుండ 2.8 వాట్లు దాటును. అనగా సగము. పై గదిలో ఒంటి అద్దము గుండ వచ్చు వేడి సుమారు 120 వాట్లు. జంట అద్దము గుండ 60 వాట్లు. మిగిలినది 60 వాట్లు. ఏసీ యంత్రము ఒక వాటు విద్యుత్తు తిని సుమారు మూడు వాట్ల వేడిని బయటకు తోయును. దినమునకు 8 గంటలు యంత్రమును నడిపినచో, ఆ కిటికీవలన మిగులు విద్యుత్తు 0.16 యూనిట్లు. నూఱు దినముల వేసవికి 16 యూనిట్లు. రాత్రివేళ భేదము తక్కువ కావున నిజముగా మిగులునది ఇంతకంటె తక్కువే. మీ కరెంటు చీటీపై యూనిటు వెల చూచి గుణింపుడు. కిటికీవెలను ఆ మొత్తముతో భాగింపుడు. పెట్టిన డబ్బు ఎన్ని వేసవులకు తిరిగివచ్చునో మీకే తెలియును.

ఇది గోడవలె నీడనున్న కిటికీ లెక్క. ఎండ నేరుగా పడు కిటికీ లెక్క మఱియొకటి. పడమటి కిటికీపై వేసవి సాయంత్రమున చదరపు మీటరునకు సుమారు 500 వాట్ల ఎండ పడుననుకొన్నను, మన కిటికీపై మొత్తము 750 వాట్లు పడును. ఒంటి అద్దము దానిలో నూటికి 80కి మించి లోపలికి విడుచును. జంట అద్దమైనను నూటికి 70కి మించి విడుచును. అనగా 500 వాట్లకు పైబడిన వేడి, ఇస్త్రీపెట్టె నొకదానిని వెలిగించి గదిలో నుంచినట్లు, లోపలికి రానే వచ్చును. వెలుతురునకు త్రోవ యిచ్చిన అద్దము ఎండకును త్రోవ యిచ్చును. ఒకటికి రెండు పెట్టినను దాని స్వభావము మాఱదు. వేడిని మఱలించు సన్నని లోహపు పూత వేసిన అద్దములు గలవు. అవి మేలైనవే గాని వెలయు నట్లే యుండును.

మా ప్రాంతమున నొక గృహస్థునకు సంభవించినది చెప్పెదను. ఆయన యిల్లు పడమటి ముఖము. వసారా గది కిటికీలకు మందపు చెక్క రెక్కలు, వెలుపల వెదురు తడికలు నుండెడివి. అమ్మువాడు "ఎండ లోపలికి రానే రాదు" అని చెప్పగా నమ్మి, అన్నియు తీసివేయించి, ప్రక్కకు జరుపు జంట అద్దముల కిటికీలు పెట్టించెను. వేసవి వచ్చునప్పటికి మధ్యాహ్నము మూడు దాటినచో ఆ గదిలో ఎవరును కూర్చుండలేకపోయిరి. తడిక లేదు, చెక్క లేదు, ఎండకు అడ్డము లేదు. ప్రక్కకు జరుపు కిటికీ సగమే తెఱచుకొనును గావున రాత్రి గాలియు సగమే. తుదకు ఆయన క్రొత్త కిటికీల ముందు మరల తడికలు కట్టించుకొనెను. కిటికీ చెడ్డది కాదు. అడుగవలసిన ప్రశ్న అడుగక కొనుటచే వచ్చిన చిక్కు అది.

ఇచ్చట మన పాత కిటికీని గూర్చి ఒక ముఖ్యవిషయము చెప్పవలసియున్నది. చెక్క అద్దముకంటె వేడిని చాల తక్కువగా దాటనిచ్చును. అంగుళము మందముగల టేకు రెక్కను మూసినచో, చదరపు మీటరునకు డిగ్రీకి దాటు వేడి సుమారు మూడు వాట్లు. జంట అద్దమునకు 2.8 అని యిందాక చెప్పితిని. రెండింటికిని భేదము లేశమాత్రము. పైగా చెక్క ఎండను లోపలికి విడువదు. అనగా మన తాతలు పెట్టించిన రెక్క, మూసియున్నంతసేపు, వేడి విషయమున జంట అద్దమునకు సరిజోడు. దానికున్న లోపములు రెండు. మూసినచో గదిలో చీకటి. ఏండ్లు గడిచిన కొలది చెక్క వంగి, బందులు జాఱి, అంచున సందులు పడుట. ఈ రెండు లోపములను తీర్చుకొన్నచో చాలును. కిటికీ నంతటిని పెకలించుట యెందులకు?

పెద్దలకు వేసవి సామాన్యమైన సంగతి కాదు. 2015 మేనెలలో ఆంధ్ర తెలంగాణములలో వేయికి మించి జనులు వడగాడ్పులకు ప్రాణములు కోల్పోయిరి. ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు అందు పెక్కండ్రు. కావున ఇంటిని చల్లగా నుంచుకొనుట ప్రాణముతోడి విషయము. దానికి మన పూర్వులెఱిగిన పద్ధతి నేటికిని సరియైనదే. ఉదయము ఎనిమిది తొమ్మిది గంటలకు ఎండ ముదరకమునుపే రెక్కలు మూయవలయును. సూర్యుడు క్రుంకి వెలుపలిగాలి చల్లబడిన పిదప, ఎదురెదురుగా నున్న కిటికీలను రెండింటిని తెఱవవలయును. రాత్రి చల్లదనమును మందపు గోడలు త్రాగి, పగలు కొంత తిరిగి యిచ్చును. కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించిన 'ఎకో నివాస్ సంహిత' అను గృహనిర్మాణ నియమావళి కూడ కిటికీలలో తెఱచుకొను భాగమును లెక్కగట్టినది. పొడివేడి ప్రాంతములలో గది వైశాల్యమున పదవవంతు, తేమవేడి ప్రాంతములలో సుమారు ఆఱవవంతు తెఱచుకొనునట్లు ఉండవలెనని అది చెప్పుచున్నది. వాతాయనమను పాతపేరును నేటి శాస్త్రజ్ఞులు అంకెలతో చెప్పిరనుకొందము.

ఇక మోత సంగతి. మొగిలి కనుమ యెక్కు లారీల గొంతు రేయి నిశ్శబ్దమున ఎంతదూరము వినబడునో మా ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. మామిడి కాలమున బంగారుపాళ్యపు మండీకి వచ్చు బండ్ల బారు మఱియొకటి. నిద్రలేమి వృద్ధుల ఆరోగ్యమునకు చేటు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులకు మించరాదు. పెద్దబాటను ఆనుకొన్న యిండ్లకు ఆ మితి యెండమావి వంటిది. కావున బాటప్రక్కన నిద్రించువారు అద్దములను కోరుటలో తప్పులేదు.

అయితే ఇందును ఒక రహస్యమున్నది. నాలుగు మిల్లీమీటర్ల ఒంటి అద్దము చక్కగా బిగిసియున్నచో సుమారు 28 మొదలు 30 డెసిబెల్లుల వఱకు శబ్దమును తగ్గించును. నాలుగును నాలుగును గల రెండద్దములను అరయంగుళపు ఎడముతో కూర్చిన సాధారణ జంట అద్దము దానికంటె ఒకటి రెండు డెసిబెల్లులు మాత్రమే యెక్కువ తగ్గించును. చెవికి ఆ భేదము తెలియనే తెలియదు. పది డెసిబెల్లులు తగ్గిననే మోత సగమైనట్లు తోచును. శబ్దమును నిజముగా అణచవలెనన్న, రెండద్దములకును నడుమ నాలుగంగుళములైనను ఎడముండవలయును. లేదా రెండద్దములు వేఱువేఱు మందములు గలవై, అందొకటి నడుమ పొర పెట్టి అంటించినదై యుండవలయును. అన్నింటికంటె ముఖ్యము, సందు ఉండరాదు. కిటికీ వైశాల్యమున నూఱవవంతు సందున్నను, అద్దమెంత గొప్పదైనను, శబ్దము 20 డెసిబెల్లులకు మించి తగ్గదు. కుండనిండ నీరుపోసి అడుగున చిల్లి విడిచినట్లే.

నాలుగంగుళముల ఎడమునకు చోటెచ్చట? క్రొత్తయిండ్లలో నాలుగున్నర, తొమ్మిదంగుళముల గోడలు. అచ్చట కష్టము. మన పాతయిండ్లలో గోడ అడుగున్నర, రెండడుగుల మందము. కిటికీకి ఒకవైపున జానెడు చోటు ఊరకయే యున్నది. ఇది మన పూర్వులు మనకు విడిచిన భాగ్యము. దీనిని వాడుకొను విధానమే నేడు నేను చెప్పదలచిన చౌకబేరపు జంట అద్దము. దీనికి మూడు మెట్లు గలవు.

మొదటి మెట్టు, సందులను మూయుట. గాలి వీచుచున్నపుడు కిటికీ రెక్కలను మూసి, వెలిగించిన అగరువత్తిని అంచుల వెంట మెల్లగా నడుపుడు. పొగ వంగినచోట సందున్నదని గుఱుతు. సుద్దముక్కతో అచ్చట గీత గీయుడు. వడ్రంగి ఆచారిగారిని పిలిచి, జాఱిన బందులను మార్పించి, వంగిన రెక్కను చిత్రిక పట్టించి, గీతలున్నచోట రబ్బరు పట్టీ గాని, ఉన్నిగుడ్డ పట్టీ గాని అంటింపుడు. చట్రమునకును గోడకును నడుమ బీటలున్నచో సున్నముతో పూడ్పింపుడు. చెక్క పగుళ్ళకు లప్పము పెట్టించి, అవిసెనూనె పట్టింపుడు. ఈ మెట్టుకు పట్టునది ఆచారిగారి ఒకనాటి కూలియు, కొలది సరకును మాత్రమే. దుమ్ము, దోమ, మోత, ఈ మూడును దీనితోనే కొంత తగ్గును.

రెండవ మెట్టు, ఎండను వెలుపలనే ఆపుట. లోపలి తెర ఎండను ఆపునప్పటికి వేడి గదిలోనికి వచ్చియే యుండును. అద్దము వెలుపల తడిక గాని, చెక్క రెక్క గాని యున్నచో ఎండలో నాలుగైదువంతులు గడప దాటకయే మఱలిపోవును. మేనెలలో మన యక్షాంశమున సూర్యుడు మధ్యాహ్నము నడినెత్తిన నుండును గావున దక్షిణపు కిటికీకి చిన్న చూరు చాలును. తూర్పు పడమరల ఎండ వాలుగా వచ్చును. అచ్చట చూరు చాలదు, నిలువు తడిక కావలయును. వట్టివేళ్ళ తడికపై నీరు చల్లుట, పడమట పందిరి వేసి తీగ నల్లించుట మీరెఱుగని విద్యలు కావు.

మూడవ మెట్టు, లోపలి అద్దము. మన కిటికీకి కమ్ములు నడుమ నుండును. రెక్కలు కొన్నియిండ్లలో లోపలికి, కొన్నియిండ్లలో వెలుపలికి తెఱచుకొనును. రెక్కలు లేని వైపున, గోడ మందములో, సన్నని టేకు చట్రము నొకటి చేయించి, దానికి ఐదు మిల్లీమీటర్ల అద్దమును బిగించి, బందులపై తలుపువలె తెఱచునట్లు అమర్పింపుడు. చుట్టును రబ్బరు పట్టీ వేయింపుడు. పాత రెక్కకును ఈ అద్దమునకును నడుమ నాలుగంగుళములకు తగ్గకుండ చూచుకొనుడు. పగలు చెక్కను ఓరగా విడిచి అద్దమును మూసినచో వెలుతురు వచ్చును, దుమ్ము రాదు. రాత్రి రెండును మూసినచో లారీ మోత చాలవఱకు తగ్గును. చల్లనిగాలి కావలసినపుడు రెండును తెఱవవచ్చును. అద్దము తలుపువలె తెఱచుకొనవలెననుట యెందుకనగా, నడుమ దుమ్ము తుడుచుటకును, అత్యవసరమున గాలి కొఱకును. పసిపిల్లలున్న యింటిలో గట్టిపఱచిన అద్దమును, అనగా పగిలినను చిన్న గుళికలై రాలునట్టి దానిని వేయింపుడు. ప్లాస్టికు పలక తేలికయే గాని గీతలు పడును, నిప్పునకు ఓర్వదు. వంటింట దానిని పెట్టరాదు.

ఈ మూడు మెట్లకును గోడ పగులగొట్టవలసిన పనిలేదు. పని యంతయు ఊరి ఆచారిగారు చేయగలిగినదే. పదేండ్ల తరువాత అద్దము పగిలినచో అదే చేతితో మరల వేయవచ్చును. కొన్న జంట అద్దమునకు ఈ సౌకర్యము లేదు. అంచున మూసిన బందనము కాలక్రమమున సడలి, తేమ లోపలికి చేరి, రెండద్దముల నడుమ మంచు పట్టినట్లు మసకబాఱును. దానిని తుడుచుటకు చేయి పట్టదు. ఆ కొలతకు క్రొత్తది చేయించి తెప్పించవలసినదే.

అట్లని క్రొత్త కిటికీలు కూడదని నేను చెప్పుట లేదు. చట్రమును చెదలు తినివేసి, చేతితో నొక్కిన పొడి రాలుచున్నచో, దానిని నిలుపుట వ్యర్థము. పలుచని గోడల క్రొత్త మిద్దెలో, పెద్దబాట నానుకొని, ఏసీ పెట్టిన గదిలో రోగి గాని వృద్ధులు గాని పండుకొనవలసియున్నచో, మంచి జంట అద్దము న్యాయమైన ఖర్చు. అట్టివారు కొనునపుడు ఈ ప్రశ్నలు అడుగుడు. అద్దముల మందమెంత, నడుమ సందెంత? అద్దము గట్టిపఱచినదా, దానిపై భారతీయ ప్రమాణము 2553 గుఱుతున్నదా? ప్లాస్టికు చట్రమైనచో లోపల ఉక్కు పట్టీ యున్నదా? తలుపువలె తెఱచునదా, ప్రక్కకు జరుపునదా? తలుపువలె తెఱచునది బాగుగా బిగియును, పూర్తిగా తెఱచుకొనును. దోమతెర, కమ్ములు, బిగింపుకూలి చెప్పిన వెలలో చేరినవా? అద్దముల నడుమ మసక వచ్చినచో ఎన్నేండ్లవఱకు ఉచితముగా మార్తురు? ఈ సమాధానములన్నియు కాగితముపై వ్రాయించి, ముగ్గురి వెలలను పోల్చి చూచిన పిదపనే బయానా యిండు.

ఏది పెట్టించినను ఒక హెచ్చరిక. చుట్టును బిగించిన గదికి గాలి వేఱొక త్రోవన రావలయును. సాధారణ ఏసీ యంత్రము లోపలిగాలినే త్రిప్పి చల్లజేయును, వెలుపలిగాలిని తీసికొనిరాదు. నలుగురు పండుకొన్న గదిని రాత్రియంతయు బిగించినచో తెల్లవాఱునప్పటికి తల బరువెక్కును. దగ్గు, క్షయ వంటి వ్యాధులు బిగించిన గదులలోనే ఒకరినుండి యొకరికి సులభముగా సోకును. కావున బాటవైపు కిటికీలకు అద్దములు పెట్టించినవారు పెరటివైపు కిటికీని తెఱచియుంచుడు. కట్టెలపొయ్యి గాని, గ్యాసుపొయ్యి గాని యున్న వంటింటి కిటికీని మాత్రము ఎన్నడును బిగింపకుడు.

మఱియొక మాట. పాత కిటికీ తీయక తప్పనివారు దానిని దారిన పోవు బేరగానికి వచ్చినవెలకు ఇచ్చివేయవలదు. తమిళదేశమున కారైకుడిలో పాతయిండ్ల తలుపులు, కిటికీలు, స్తంభములు అమ్ముటకై వీధి పొడవున దుకాణములున్నవి. మన పెరటిలో కట్టెలక్రింద పడియుండు వస్తువును అచ్చట పట్టణవాసులు వెతకి కొనుచున్నారు. ఏండ్లతరబడి ఆఱిన టేకు అంత సులభముగా వంగదు, పగులదు. అట్టి కఱ్ఱ నేడు క్రొత్తగా కొనవలెనన్న సులభము కాదు. ఆ చెక్కతోనే లోపలి అద్దపు చట్రములు చేయించుకొనవచ్చును.

కావున నా సలహా యిది. ఈ వేసవికి ముందు ఒక్క గదిని మాత్రము ఎంచుకొనుడు. పడమటి గది గాని, బాటవైపు గది గాని కావచ్చును. దానికి పై మూడు మెట్లను క్రమముగా చేయింపుడు. ఒక ఉష్ణమాపకమును ఆ గదిలోను, మఱియొకదానిని అట్టిదే యగు వేఱొక గదిలోను వ్రేలాడదీసి, మధ్యాహ్నము మూడు గంటలకు ఎన్ని డిగ్రీలున్నవో మనుమలచేత పుస్తకములో వ్రాయింపుడు. ఒక్క వేసవి గడిచినచో మీ యింటి లెక్క మీ చేతిలో నుండును. అప్పుడు దూరముననున్న బిడ్డలకు ఆ పుస్తకము చూపి, వారు పంపదలచిన డబ్బులో ఎంత కావలయునో మీరే చెప్పగలరు. వారును సంతోషింతురు. మిగిలిన సొమ్ము ఇంటి పైకప్పుకు సున్నపు పూత వేయించుటకు పనికివచ్చును. ఎండవేడి ఎక్కువగా దిగునది పైకప్పునుండియే. దానిని గూర్చి వేఱొకమాఱు ముచ్చటించుకొందము.